రాసుకున్నావా అమ్మాయీ

కడలిమెరక పట్నం, పరిచయాల శాఖ. రెండో తరగతి నోట్స్ రచయిత్రి దంగేటి సుభాషిణి రోజువారీ పని చిట్టా. శాఖ ఆదేశం మేరకు రాయవలసినది. ఎవరూ చదవరని తెలిసినా రాయవలసినది.

సోమవారం

రాసిన నోట్స్ తొంభై నాలుగు. విన్న ఎపిసోడ్లు సున్నా.

ఈ రెండో గడి ఫారంలో పోయిన నెలే చేర్చారు. ఏ మహానుభావుడికి పుట్టిన బుద్ధో! మిఠాయి కొట్టువాణ్ణి పట్టుకుని ఇవాళ ఎన్ని లడ్లు తిన్నావని అడిగినట్టుంది. మేం పాడ్‌కాస్టులకు నోట్స్ రాసేవాళ్లం, వినేవాళ్లం కాదు. మాట్లాడినవారి ఫొటో చూస్తాం, ఎన్ని నిమిషాలో చూస్తాం, ఓ పేరు పెట్టి కింద నాలుగు వాక్యాలు రాస్తాం. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే.

పట్నంలో నలభై వేల మందిమి ఉన్నాం. పాడ్‌కాస్టులు నలభై ఒక్క వేలు. ఎక్కువున్న ఆ వెయ్యీ ఆఫీసులవి, రెండు మాత్రం చిలకలవి. చిలకలవి కాస్త నయమని విన్నవాళ్లంటారు. అంటే, విన్నవాళ్లు ఉంటే అనేవారు.

పొద్దున కాఫీ ఉప్పగా తగిలింది. చక్కెర బదులు ఉప్పు వేశానేమోనని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ కలిపాను. మళ్లీ ఉప్పే. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పక్కింటి గజలక్ష్మి వదిన తలుపు తట్టాను.

"వదినా, మీ ఇంట్లో నీళ్లు ఎలా ఉన్నాయి?"

"పొద్దున్నే చెప్పేశాను వదినా. 'ఒక ఇల్లాలి గుండెకోత' అని వచ్చింది చూడు, అందులో ఉంది. వినెయ్యి," అని తలుపేసుకుంది.

తప్పు ఆవిడది కాదు, 'ఒక్కసారి' చట్టానిది. ఎపిసోడ్‌లో ఓసారి చెప్పేసిన సంగతి మళ్లీ నోటితో చెబితే చెప్పినవారికీ అడిగినవారికీ నెల రోజులు మైకు బంద్. ఒకే మాట పదిసార్లు చెప్పుకోవడంలో పట్నం పుణ్యకాలమంతా హరించుకుపోతోందని పెద్దలు తెచ్చిన చట్టం. మైకు లేకుండా నెల బతకడమంటే మాటలా? అందుకే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పరు.

పోనీ విందామంటే ఆ 'ఒక ఇల్లాలి గుండెకోత' అన్న పేరు పెట్టింది నేనే. గంటా పది నిమిషాలు. అందులో నీళ్ల సంగతి ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. నాకేం తెలుసు?

మంగళవారం

రాసిన నోట్స్ డెబ్బై ఎనిమిది. విన్న ఎపిసోడ్లు సున్నా.

మధ్యాహ్నం ఇసాకు ఆఫీసుకే వచ్చాడు. మా ఏడో బ్లాకు పంపుహౌసు చూసేది ఇతనే. సముద్రపు నీటిని తీపి నీరు చేసే యంత్రం ఇతని చేతుల్లోనే ఉంటుంది. మనిషి నిలువునా చెమటతో ఉన్నాడు.

"అక్కగారండీ, మూడో వాల్వు బిగిసిపోయిందండి. జల్లెడ దగ్గర మిగిలిన ఉప్పంతా దాంట్లోంచే బయటికి పోవాలండి. అది తెరుచుకోపోతే ఉప్పు లోపలే పేరుకుని మన నీళ్లలోకొచ్చేస్తదండి."

"బిగిస్తే గట్టిగా తిప్పు నాయనా."

"అమ్మమ్మో! తప్పు వైపు తిప్పితే కాడ విరిగిపోద్దండి. ఆ కాడ ఇప్పుడు చేసేవోళ్లే లేరండి. ఒక్కటే ఛాన్సండి."

"మరి యంత్రం అమ్మిన కంపెనీని అడగలేకపోయావా?"

"అడిగానండి. 'మీ ప్రశ్నకు జవాబు మా ఎపిసోడ్‌లో ఉంది' అన్నారండి. రెండు గంటలు విన్నానండి. ఓనరుగారు చిన్నప్పుడు ఈత నేర్చుకున్న సంగతండి."

ఇతనికి ముందు ఆ పంపుహౌసు చూసిన కొల్లు తాయారమ్మగారు పోయిన వేసవిలో కాలం చేశారు. ఆవిడ పదకొండేళ్ల పాటు, సెలవు రోజుల్లో తప్ప రోజూ, పని అయ్యాక పాడ్‌కాస్టు చేశారు. మూడో వాల్వు ఆవిడ హయాంలో ఒక్కసారి ఇలాగే బిగిసిందట.

"చివర్లో మంచం మీదుంటే అడిగానండి. 'ఎపిసోడ్‌లో చెప్పేశాన్రా, ఏ ఎపిసోడో గుర్తులేదు, నోట్స్‌లో చూసుకో' అందండి. చట్టం కదండీ, ఇంకేం అంటదండి?" అన్నాడు ఇసాకు.

తాయారమ్మగారు నాకూ తెలుసు. నా ఇంటికి రెండంతస్తుల కింద ఉండేవారు. లిఫ్టులో ఎప్పుడు కనిపించినా, "రాసుకున్నావా అమ్మాయీ?" అని అడిగేవారు. "ఆఁ, రాశానండీ," అనేదాన్ని. పెద్దావిడ, చాదస్తం, ఒక మాట పట్టుకుంటే వదలదు అనుకునేదాన్ని. ఆవిడ పాడ్‌కాస్టుకు నోట్స్ రాసింది నేనే కాబట్టి ఇసాకును కూర్చోబెట్టి ధీమాగా వెతుకుడు యంత్రం తెరిచాను. 'వాల్వు' అని కొట్టాను. సున్నా. 'పంపు' అని కొట్టాను. సున్నా. 'ఉప్పు' అని కొడితే ఒక్కటి వచ్చింది. 'ఆమె కన్నీటి ఉప్పు వెనుక దాగిన ఆ చేదు నిజం ఏమిటి?'

"ఇదేనేటండీ?" అని ఆశగా అడిగాడు. నేను నాలుక కరుచుకున్నాను.

ఈ యంత్రం నోట్స్ మాత్రమే చదువుతుంది. ఒకప్పుడు ఎపిసోడ్లు వినేది కూడా. మూడేళ్లు విని, తనను ఆ పని నుంచి తప్పించమని రాతపూర్వకంగా కోరింది. కరుణించి తప్పించారు. ఇక నోట్స్ సంగతంటారా, ఎపిసోడ్‌లో ఏముందో చెప్పేస్తే మా శాఖలో మార్కులు పోతాయి. దాపరికానికి పది, ఉత్కంఠకు పది, ఆశ్చర్యార్థకానికి ఒకటి. తాయారమ్మగారు తన ఎపిసోడ్లన్నిటికీ 'ఇవాళ్టి పని' అనే పేరు పెట్టి పంపేవారు. ఒళ్లు మండి రెండు వేల తొమ్మిది వందల పేర్లూ మార్చింది నేనే. ఆ సిరీస్‌కే నాకు దాపరికంలో బంగారు పతకం వచ్చింది. అది నా బల్ల మీదే ఉంది. ఇసాకు దాన్ని చూసి, "బాగుందండి," అన్నాడు పాపం.

బుధవారం

రాసిన నోట్స్ మూడు వందల ఆరు. విన్న ఎపిసోడ్లు సున్నా. ఎందుకో చెబుతాను.

పొద్దున్నే నీటి సంఘం నోటీసు మా బ్లాకు గుమ్మానికి అంటించారు. శనివారం పొద్దుగూకేలోగా నీళ్లు తీపెక్కకపోతే బ్లాకు ఖాళీ చేయాలి. మూడు వందల పది ఇళ్లవాళ్లను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తలా ఒక బ్లాకులో సర్దుతారు. ఉప్పెక్కిన బ్లాకును ఖాళీ చేయించాక మళ్లీ తెరిచిన దాఖలా లేదు. రెండో బ్లాకు పిట్టల పాలైంది. నేను ఇక్కడ ముప్పై ఏళ్లుగా ఉన్నాను.

బాగా ఆలోచించి ఓ ఉపాయం పన్నాను. ఇంటికి తొమ్మిదో పదో ఎపిసోడ్లు పంచితే నాలుగైదు గంటల్లో తాయారమ్మగారివి మొత్తం వినేయొచ్చు. వరండాలో అందరినీ నిలబెట్టి పంచాను. అందరూ బుద్ధిగా తలూపి తీసుకెళ్లారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రానికి ఒక్కరూ జవాబు తేలేదు. నా బల్ల మీద మాత్రం మూడు వందల ఆరు కొత్త ఎపిసోడ్లు వచ్చి పడ్డాయి. 'తాయారమ్మగారిని వింటుండగా నాలో కలిగిన ఆలోచనలు.' 'తాయారమ్మగారూ, నేనూ.' 'నేను తాయారమ్మగారిని ఎందుకు సగంలో ఆపేశాను.' మావాళ్లకు వినే అలవాటు తప్పిపోయి ఎన్నేళ్లయిందో! నాలుగు నిమిషాలు విన్నారో లేదో నోరు దురద పెట్టి మైకు పట్టుకున్నారు. గజలక్ష్మి వదిన ఏకంగా రెండు భాగాలు చేసింది.

"వదినా, అసలు విన్నదాంట్లో వాల్వు మాట వచ్చిందా?" అని బతిమాలినట్టు అడిగాను.

"నా రెండో భాగంలో చెప్పాను చూడు," అంది.

పైగా ఆ మూడు వందల ఆరింటికీ ఇవాళే నోట్స్ రాయాలని మా శాఖాధికారి ముదునూరి సూర్యనారాయణరాజుగారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"సార్, మా బ్లాకే పోయేట్టుంది. రెండు రోజులు సెలవు ఇప్పించండి. ఇంట్లో కూర్చుని వింటాను."

"ఏంటమ్మా, వింటావా?" ఆయన నావంక జాలిగా చూశారు. "సెలవు కారణాల జాబితాలో వినడమనేది లేదమ్మా సుభాషిణీ. పెళ్లుంది, జ్వరముంది, చిలక అనారోగ్యముంది. వినడం లేదు."

చెవి జబ్బు అని రాసిచ్చాను. సంతకం పెట్టారు. అబద్ధం కూడా కాదు.

గురువారం

రాసిన నోట్స్ లేవు. విన్న ఎపిసోడ్లు మూడు.

పంపుహౌసులోనే కూర్చున్నాను. ఇసాకు ఒక స్టూలు వేశాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక ఎపిసోడ్‌ను మొదటి నుంచి చివరిదాకా విన్నాను. నేను పెట్టిన పేరు 'ఆ గదిలో ఆమె ఒంటరిగా ఏం చేసింది?' మోటారుకు గ్రీజు పెట్టింది. ఎంత పెట్టాలో, ఏ చప్పుడు వస్తే ఆపాలో విడమరిచి చెప్పింది. వింటున్న ఇసాకు లేచి వెళ్లి మోటారు దగ్గర ఏదో సవరించి వచ్చాడు. ఆ చప్పుడు నిజంగానే తగ్గింది. మధ్యలో కందిపప్పు ఉడకడం లేదని ఆవిడ విసుక్కుంది. ఇరవై మూడో నిమిషంలో గొంతు సవరించుకుంది.

"సరే, ఇవాళ చెప్పినవి మళ్లీ ఓసారి. నోట్స్ రాసే అమ్మాయీ, రాసుకో. మూడో నిమిషంలో గ్రీజు సంగతి చెప్పాను. తొమ్మిదో నిమిషంలో మోటారు చప్పుడు మారితే ఏం చూడాలో చెప్పాను. పదహారులో మా ఆయన్ని తిట్టాను, అది రాయొద్దులే. అంతే. రాసుకున్నావా?"

అక్కడితో అయిపోయింది.

ఇసాకు నా ముఖంలోకి చూడకుండా రెంచి తుడుచుకుంటూ కూర్చున్నాడు. రెండోది పెట్టాను. చివర మళ్లీ అదే. నోట్స్ రాసే అమ్మాయీ, రాసుకో. ఏ నిమిషంలో ఏముందో పూసగుచ్చినట్టు చెప్పి, "రాసుకున్నావా?" మూడోది బాగా తర్వాతి కాలంది. గొంతు అలిసిపోయి ఉంది.

"నిన్న లిఫ్టులో అడిగితే రాశానంది. చదివాను. 'తాయారమ్మ పెదవి విప్పని ఆ రహస్యం' అట. పెదవి విప్పనిదేంటే తల్లీ, పాతిక నిమిషాలు విప్పాను గదా! సరే, ఇవాళ్టివి చెప్తాను, ఇవన్నా రాసుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. చట్టం ప్రకారం ఎపిసోడ్‌లో చెప్పింది లిఫ్టులో చెప్పకూడదు. అందుకే ఆ మనిషి అడగ్గలిగినంత వరకే అడిగింది, ఏళ్ల తరబడి, నా మొహం మీదే. నేనేమో లిఫ్టు త్వరగా దిగితే బాగుండునని అంకెలు చూస్తూ నిలబడేదాన్ని. నా పని సగం కాదు, మొత్తం ఆవిడే చేసి పెట్టింది. నేను చేయాల్సిందల్లా చివరి నిమిషం వినడం.

ఏడ్చాను. ఇసాకు రెంచి పక్కన పెట్టి, "అక్కగారండీ, అయితే అన్నీ ఇనక్కర్లేదండి. సివరి నిమిషాలినేస్తే సరిపోద్దండి," అన్నాడు.

నాకన్నా అతనికే బుర్ర ముందు పనిచేసింది. రెండు వేల తొమ్మిది వందల నిమిషాలు. ఇసాకు, నేను, అతని భార్య సువార్త. ఎపిసోడ్లను మూడు వాటాలు వేసుకుని మొదలెట్టాం.

శుక్రవారం

రాసిన నోట్స్ లేవు. పూర్తిగా విన్న ఎపిసోడ్లు లేవు, చివరి నిమిషాలు ఆరు వందల పదకొండు.

జల్లెడ కడగడం. పిడుగు పడ్డప్పుడు ఏ మీట ముందు ఆపాలి. నత్తలు గొట్టంలోకి రాకుండా ఏం కట్టాలి. బెండకాయ వేపుడు జిగురు లేకుండా ఎలా. రెండో వాల్వు. మొదటి వాల్వు. మళ్లీ రెండో వాల్వు. మూడోది మాత్రం లేదు. ప్రతి నిమిషం చివరా "రాసుకున్నావా?" పొద్దున వందసార్లు తలొంచుకుని విన్నాను. మధ్యాహ్నానికి గట్టిగా "రాసుకుంటున్నానండీ!" అని జవాబివ్వడం మొదలెట్టాను. సువార్త నా వంక భయంగా చూసింది. నిజంగానే రాసుకుంటున్నాను. ఒక్కొక్కటీ కాగితం మీద, ఏ నిమిషంలో ఏముందో, ఆవిడ చెప్పింది చెప్పినట్టు.

సువార్తకు ఏడో నెల. కడుపు మీద చెయ్యేసుకుని వింటోంది. "ఆరో బ్లాకులో ఖాళీ లేదంటండి. తొమ్మిదో బ్లాకులో ఈయనకి, నాకు పన్నెండులో ఇస్తారంటండి," అంది మామూలుగా. రెంటికీ మధ్య పడవ మీద గంట ప్రయాణం.

"అలాగేం జరగదు, నువ్వు విను," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

రాజుగారు ఫోన్ చేశారు. చెవి ఎలా ఉందని అడిగారు. కొంచెం తెరుచుకుందని చెప్పాను.

శనివారం

పొద్దున తొమ్మిదింటికి సువార్త "ఏవండోయ్!" అని కేక పెట్టింది. ఉలిక్కిపడి స్టూలు మీంచి పడబోయాను.

తాయారమ్మగారి గొంతు: "పదకొండో నిమిషంలో మూడో వాల్వు బిగిస్తే ఏం చేయాలో చెప్పాను. ఇది పెద్దక్షరాలతో రాయి అమ్మాయీ, ముఖ్యం. మిగతావి రాయకపోయినా పర్లేదు."

నేను దానికి పెట్టిన పేరు చూశాను. 'ఆ రోజు ఆమె తిప్పింది ఏమిటో తెలిస్తే మీరు తట్టుకోలేరు!' దాపరికానికి పదికి పది వచ్చాయి. అంతకన్నా ఏం చెప్పను?

పదకొండో నిమిషం పెట్టాం. గొంతులో తొందరేమీ లేదు. వాల్వు లోపల గుల్లలు పట్టి బిగుస్తుంది. బలం చూపొద్దు. చింతపండు బాగా ఉడికించి, ఆ చిక్కటి పులుసు వేడిగా మీది గొట్టంలో పోసి రెండు గంటలు వదిలేయాలి. పులుపుకు గుల్లలు కరుగుతాయి. తర్వాత ముందుకు కాదు, మొదట వెనక్కి అర చుట్టు తిప్పాలి. కటకటమంటుంది, భయపడొద్దు. ఆగి, మళ్లీ పులుసు పోసి, అప్పుడు ముందుకు.

"యేసయ్యా! నేను ముందుకే తిప్పేవోణ్ణండి," అన్నాడు ఇసాకు.

చింతపండు కోసం ఇల్లిల్లూ తిరిగాను. జనం అలవాటుగా ఎందుకని అడగలేదు, అడిగితే ఏదో ఎపిసోడ్ వినమంటానేమోనని. గజలక్ష్మి వదిన మాత్రం కుండెడు తెచ్చి తనే పంపుహౌసులో పొయ్యి వెలిగించింది. పులుసు పోశాం. రెండు గంటలు ముగ్గురం ఆ వాల్వు ముందు కూర్చున్నాం, వదిన పొయ్యి దగ్గర కూర్చుంది. ఈ పట్నంలో నలుగురు మనుషులు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇసాకు వెనక్కి అర చుట్టు తిప్పాడు. కటకటమంది. అతను ఆగి నా వంక చూశాడు.

"భయపడొద్దంది కదా," అన్నాను.

మళ్లీ పులుసు. ముందుకు. వాల్వు తిరిగింది. గొట్టం గొంతు దాకా పట్టిన ఉప్పంతా భళ్లున సముద్రంలో పడింది. ఇసాకు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సాయంత్రం నాలుగింటికి సంఘం మనిషి వచ్చి గ్లాసుతో నీళ్లు తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, గుమ్మం మీద నోటీసు చింపేశాడు.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను. చక్కెర మర్చిపోయాను. అయినా బాగుంది.

సోమవారం

రాసిన నోట్స్ ఒకటి.

ఆ ఎపిసోడ్‌కు తిన్నగా ఉన్నదున్నట్టు నోట్స్ రాసి పెట్టాను. దాపరికం సున్నా, ఉత్కంఠ సున్నా వేసి రాజుగారు నన్ను మూడో తరగతికి దించారు. పతకం కూడా తీసుకున్నారు. ఇచ్చేశాను.

మధ్యాహ్నానికి నాలుగో బ్లాకు పంపు చూసే ఆయన 'వాల్వు' అని కొడితే మొదటే ఇది వచ్చిందట. తర్వాత పదకొండో బ్లాకు. పొద్దుగూకేసరికి పంతొమ్మిది మంది కొత్తవాళ్లు. పంతొమ్మిది మంది నిజంగా విన్నారు! శాఖ చరిత్రలోనే లేదు. రాజుగారు పరుగున వచ్చి, ఇక నుంచి సూటిదనానికి పది మార్కులని ప్రకటించి, అందరికీ నమూనా పంచారు. దాని మొదటి వాక్యం ఇది: 'ఇంత సూటి నోట్స్ మీ జీవితంలో చదివి ఉండరు!'

ఆయనతో వాదించే ఓపిక లేదు. నాకు ఇంకా రెండు వేల ఎనిమిది వందల తొంభై తొమ్మిది రాయాల్సినవి ఉన్నాయి. ఒక్కొక్కటీ పూర్తిగా విని రాస్తాను. ఇవాళ రాసింది చిట్టాకు జత చేస్తున్నాను.

'ఇవాళ్టి పని. మాట్లాడినవారు కొల్లు తాయారమ్మ, ఏడో బ్లాకు పంపుహౌసు. ఇరవై నాలుగు నిమిషాలు.
రెండో నిమిషం: పొద్దున్నే చూడవలసిన మీటర్లు.
పదకొండో నిమిషం: మూడో వాల్వు బిగిస్తే ఏం చేయాలి. చింతపండు ఎంత, ఎంతసేపు, ఎటు తిప్పాలి. ముఖ్యం, ముందు ఇదే వినండి.
పంతొమ్మిదో నిమిషం: దోసకాయ పప్పు.
ఇరవై మూడో నిమిషం నుంచి చివరిదాకా: నోట్స్ రాసే అమ్మాయికి చెప్పిన మాటలు. అవి నాకు. మీరు వినకపోయినా పర్వాలేదు. రాసుకున్నానండీ.'